ముత్యాలరావు పైపు చుట్టేశాడు

"ఆ ఉయ్యాల దించు."

"దించను."

"దించవా?"

"నా మనవడి ఉయ్యాల. నా ఇంటి దూలానికి నేను కట్టుకున్నాను. దించేదే లేదు."

గంగాదేవి స్టూలు లాక్కుని ఎక్కింది. ముడి విప్పబోయింది. ఆ తాడు మీద ఈగలు ఎంత ఒత్తుగా వాలి ఉన్నాయంటే, తెల్ల నైలాను తాడు కాస్తా నల్లటి జడలా వేలాడుతోంది. ఆమె చెయ్యి తగలగానే జడ మొత్తం ఒక్కసారి లేచింది. గది చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, మళ్ళీ వచ్చి ఎక్కడివి అక్కడే కూర్చున్నాయి.

"చూశావా? ముడి ఎక్కడుందో కూడా కనపడట్లేదు. నాలుగు రోజుల పసిగుడ్డుని ఇందులో పడుకోబెడతావా?"

"దోమతెర కడతాను."

"నిన్న కట్టావుగా. పొద్దున చూస్తే తెర లోపల దూరినవి బయటికి దారి దొరక్క ఏడుస్తున్నాయి."

ముత్యాలరావుకి నవ్వొచ్చింది. భార్య మొహం చూసి మింగేశాడు.

వాళ్ళకి ఒక్కతే కూతురు. పేరు పాప. పెళ్ళయి, ఇప్పుడు తనే తల్లయినా ఆ పేరు మారలేదు. తెనాలి ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి మగబిడ్డని తీశారు. రేపు పంపించేస్తామన్నారు. తొలికాన్పు కాబట్టి పుట్టింటికి రావాలి. ఇరవై ఒకటో రోజు బారసాల ఈ పెనుమూడి ఇంట్లోనే జరగాలి. బాపట్ల నుంచి వియ్యాలవారు ఇక్కడికే రావాలి. అన్నీ ఎప్పుడో అనుకున్నవే. ఈగల్ని మాత్రం ఎవరూ అనుకోలేదు.

ఇంటికి యాభై అడుగుల దూరంలో ముత్యాలరావు కోళ్ళ షెడ్డు. మూడు వేల గుడ్ల కోళ్ళు. ఎన్ని ఈగలని అడిగితే చెప్పడం కష్టం. రేపల్లె వచ్చే బస్సులు వంతెన దిగగానే జనం కిటికీలు మూసుకుంటున్నారనీ, ఒక కండక్టరు చూసి చూసి విసుగొచ్చి ఈగలకి కూడా టిక్కెట్టు కొట్టేశాడనీ ఊళ్ళో చెప్పుకుంటున్నారు. సగం అబద్ధమే అయినా మిగిలిన సగం చాలు.

"ఇంకేం చెయ్యమంటావే నన్ను?" అన్నాడు ముత్యాలరావు. "నాలుగు రకాల మందు కొట్టాను. రెండు పూటలా షెడ్డు కడుగుతున్నాను. సముద్రంలో వేటకెళ్ళిన రోజుల్లో పడవని కూడా ఇంత శుభ్రంగా కడిగుండను."

"నిన్ను చేతగానోడివన్నానా?"

"మరి?"

గంగాదేవి స్టూలు దిగింది. చీర చెంగు వేలికి చుట్టుకుంటూ గోడకేసి చూసింది.

"దేవకుమారి వదినకి ఫోన్ చేశాను. రేపు పాపనీ పిల్లోణ్ణీ బాపట్ల తీసుకుపొమ్మన్నాను."



"నాకొక మాట చెప్పాలిగా గంగా."

"చెప్తే చెయ్యనిస్తావా?"

అతను స్టూలు తీసి గోడకి చేర్చాడు.

గేటు దగ్గర నుంచి "ముత్యాలరావూ!" అని పిలుపు వినిపించింది.

పక్కింటి సుందరరామయ్య మాస్టారు. రిటైరై పదేళ్ళయినా గొంతులో బడి గంట పోలేదు. ఆయన చొక్కా జేబులో ఒక అర్జీ ఉంది. ఈగల బాధ పడలేకపోతున్నాం, ఫారం మూయించండి అని ఇరవై ఆరుగురు సంతకాలు పెట్టిన కాగితం. సోమవారం బాపట్ల కలెక్టరాఫీసులో ఇచ్చేస్తానని పోయిన వారం ఈ గేటు దగ్గరే నిలబడి చెప్పి వెళ్ళాడు.

"ఇచ్చేశారా మాస్టారూ?" అన్నాడు ముత్యాలరావు.

"స్టేషను దాకా వెళ్ళాను. రైలెక్కలేదు. మీ పాప నా దగ్గర ఐదో క్లాసు చదివింది. ఎక్కాలు రాకపోయినా నవ్వుతూ నిలబడేది. దాని బిడ్డ బారసాల నా వల్ల ఆగిందన్న మాట నాకొద్దు." వెనక్కి తిరిగి చెయ్యి చూపించాడు. "ఇది మా చెల్లెలి మనవరాలు హర్షిణి. తెనాలిలో కోళ్ళ డాక్టరు. ముందు ఈ పిల్ల చూస్తుంది. తరవాత కాగితం సంగతి."

మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకున్న పిల్ల నమస్కారం పెట్టింది.

షెడ్డులో కోళ్ళు నడుమెత్తు బోనుల్లో ఉంటాయి. పెంట కింద నేల మీద పడుతుంది. ముత్యాలరావు ముందు నడుస్తూ పెళ్ళివారికి విడిదిల్లు చూపించినట్టు చూపించాడు.

"చూడమ్మా, ఎంత కడిగానో. ఉండు, మోటారేసి చూపిస్తాను."

"వద్దు బాబాయ్ గారూ, ఆపండి! ఆపండి!"

మోటారు ఆగింది. హర్షిణి చేతికి గ్లవ్స్ వేసుకుని, బోను కింద నుంచి గుప్పెడు పెంట తీసి పిండింది. వేళ్ళ మధ్య నుంచి నీళ్ళు కారాయి. పుల్లతో ఇంకాస్త కదిపింది. లోపల తెల్లగా, సన్నగా, ఉడికే అన్నంలా పురుగులు కుతకుతలాడుతున్నాయి.

"ఇవన్నీ ఈగ పిల్లలే. నాలుగైదు రోజుల్లో రెక్కలొస్తాయి. పెంట పొడిగా ఉంటే ఈగ దీంట్లో గుడ్డు పెట్టదండి. పెట్టినా బతకదు." ఆమె పైకి చూసింది. "పైకప్పు కారట్లేదు. కోళ్ళు తాగే గొట్టాలు అక్కడక్కడా కారుతున్నాయి కానీ, వాటి వల్ల ఇంత తడి రాదు. ఎవరు తడుపుతున్నారు దీన్ని?"

"నేనేనమ్మా!" అన్నాడు ముత్యాలరావు ఛాతీ విరిచి.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"రోజూనా?"

"రెండు పూటలా. మా అయ్య నేర్పిన పని. వేట నుంచి రాగానే, అన్నం కూడా తినకముందు పడవ కడగాలి. పలక మీద చేప జిగురు మిగిలిందా, మర్నాడు ఆ పడవ ఎక్కనిచ్చేవాడు కాదు. పదేళ్ళప్పటి నుంచి కడుగుతున్నాను. నాకు కడగడం ఒకళ్ళు నేర్పక్కర్లేదు."

హర్షిణి నవ్వలేదు. నవ్వుంటే అతనికి కాస్త తేలికగా ఉండేది.

"పడవ మీద పోసిన నీళ్ళు ఎక్కడికి పోతాయి బాబాయ్?"

"ఎక్కడికి పోతాయేంటి? సముద్రంలోకి."

"ఇక్కడ పోసినవి?"

ముత్యాలరావు నోరు తెరిచాడు. కిందకి చూశాడు. నోరు మూశాడు.

"మీరు కొట్టిన మందు ఈగల్ని కొన్నిటినే చంపింది," అంది హర్షిణి మెల్లగా. "ఈగ గుడ్లు తినే నల్ల పెంకుపురుగులుంటాయి, పెంటలోనే బతుకుతాయి. వాటిని మాత్రం మొత్తం చంపేసింది. కావలి ఉన్నవాటిని తీసేసి, తిండీ నీళ్ళూ పెట్టి..."

ఆమె ఆగిపోయింది. చెప్పాల్సిన మిగతా మాట అతనే చెప్పాడు.

"నేనే పెంచాను."



"ఆయన్నొక్కణ్ణే అనకమ్మా." తలుపు దగ్గర గంగాదేవి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. "ఆ పైపు మెలిక పడకుండా రెండో కొస పట్టుకుంది నేనే."

ముత్యాలరావు ఆమె వైపు చూడలేదు. కుళాయి దగ్గరికి వెళ్ళి పైపు ఊడదీశాడు. మోచేతికీ అరచేతికీ మధ్య వల తాడు చుట్టినట్టు చుట్ట చుట్టి, తెచ్చి గంగాదేవి కాళ్ళ దగ్గర పెట్టాడు.

"ఎన్నాళ్ళు పడుతుందమ్మా?" అన్నాడు.

"తడిది తీసి దూరంగా కుప్పేసి పట్టా కప్పండి. అడుగున పొడిగా ఉన్నది కొంచెం అలాగే ఉంచండి, నల్లపురుగులు మళ్ళీ పుడతాయి. పైన ఊక చల్లండి. కారే గొట్టాలు బాగు చెయ్యండి. పక్క పరదాలు ఎత్తేసి గాలి ఆడనివ్వండి. పదిహేను రోజులు పడుతుంది. మొదటి వారం ఇంకా పెరుగుతాయి కూడా. కంగారుపడి నీళ్ళు మాత్రం ముట్టుకోకండి."

మర్నాడు తెనాలి ఆస్పత్రి వరండాలో వియ్యపురాలు దేవకుమారి గొంతు మూడో అంతస్తు దాకా వినిపించింది. బాపట్ల ఒడ్డున ముప్పై ఏళ్ళు చేపలు వేలం పాడిన గొంతు అది. ఆవిడ "పాట" అంటే అలలు కూడా ఒక క్షణం ఆగి ఎంతకి పోయిందో విని కదిలేవని వాళ్ళవాళ్ళు చెప్పుకుంటారు.

"ఏం అన్నయ్యా, కోళ్ళ ఫారం పెట్టావా, ఈగల ఫారం పెట్టావా?"

"రెండూ పెట్టాను చెల్లెమ్మా. కోళ్ళే సరిగ్గా పెరగట్లేదు."

అల్లుడు ప్రేమ్ కుమార్ నవ్వబోయి, తల్లిని చూసి సంచి సర్దుకున్నాడు. మంచం మీద పాప నవ్వలేదు. పక్కన గుడ్డల్లో బిడ్డ నిద్రపోతోంది.

"నాన్నా, మన ఇంటికి ఎందుకొద్దు? అవి మాస్టారి గేదెల వల్ల వచ్చాయన్నావుగా ఫోన్లో. మాస్టారితో నేను మాట్లాడతాను. నేను అడిగితే కాదనరు."

ముత్యాలరావు వియ్యపురాలి వైపు చూశాడు. కూతురి వైపు చూశాడు. కిటికీ వైపు చూశాడు. తప్పించుకోవడానికి అతని దగ్గర ఇంకో నాలుగైదు కథలు సిద్ధంగానే ఉన్నాయి. ఏట్లో వరదొచ్చిందనొచ్చు. లంకలో ఎవడో ఎరువు పోశాడనొచ్చు.

"గేదెలు కాదమ్మా," అన్నాడు. "నేనే. రోజూ నీళ్ళు పట్టి నేనే పెంచాను. తెలీక చేశాను. నీ బిడ్డ మన ఇంటికి రాకపోవడానికి నేనే కారణం."

దేవకుమారి ఏదో అనబోయింది. గంగాదేవి ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

పాప తండ్రి మొహం వైపు చూస్తూ ఉండిపోయింది. ఆయన చిన్నప్పుడు చెప్పిన కథలన్నీ తెలుసు దానికి. పడవంత రొయ్య, మాట్లాడే పీత, తుఫానుని తెడ్డుతో వెనక్కి నెట్టిన తాత. ఆయన నోట తన తప్పు మాత్రం ఎప్పుడూ వినలేదు.

"వాణ్ణి ఎత్తుకో నాన్నా."

"ఉండమ్మా, చేతులు కడుక్కుని వస్తాను."

"కడిగింది చాల్లే నాన్నా!"

ముందుగా నవ్వింది దేవకుమారే. కుట్లు లాగుతున్నాయని పొట్ట పట్టుకుని పాప నవ్వింది. నర్సు మాత్రం ఒప్పుకోలేదు, సబ్బుతో రెండుసార్లు కడిగించాకే బిడ్డని చేతికిచ్చింది. ముత్యాలరావు ఊపిరి బిగబట్టి పట్టుకున్నాడు. వాడు ఒక కన్ను తెరిచి తాతని చూసి, నచ్చకో నచ్చో మళ్ళీ మూశాడు.

"చూడన్నయ్యా," అంది దేవకుమారి. "ఆనవాయితీ నాకూ తెలుసు. పుట్టింటి ముచ్చట నేను కాదనను. పండితుల్ని పిలుస్తావో, డాక్టర్లని పిలుస్తావో, అది నీ ఇష్టం. బారసాలకి ముందు ఒక రోజు చెప్పకుండా వస్తాను. నా కళ్ళతో చూస్తాను. బాగుంటే నీ ఇంట్లో. లేదంటే మా ఇంట్లో. తరవాత అలగడాలు లేవు."

"అలగను."

"వదినా, నువ్వు?"

"నేను పాపతో బాపట్ల వచ్చేస్తున్నాగా," అంది గంగాదేవి.

కారు దగ్గర ఆమె ఒక కాలు లోపల పెట్టింది. వెనక్కి చూసింది. ముత్యాలరావు ఆస్పత్రి గోడ నీడలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు నిలబడి ఉన్నాడు. ఆమె కాలు తీసేసింది. సంచి పాప ఒళ్ళో పెట్టింది.

"మీ అత్త ఉందిగా. నన్ను మించి చూసుకుంటుంది. ఈయన్ని ఒంటరిగా వదిలితే మళ్ళీ పైపు విప్పుతాడు."

ఆ తరవాత మొగుడూ పెళ్ళాం మూతులకి గుడ్డలు కట్టుకుని ఎనిమిది ట్రాక్టర్ల తడి పెంట ఎత్తారు. ముత్యాలరావు లెక్కలో ఎనభై. చేను చివర కుప్పేసి పట్టా కప్పారు. గొట్టం గొట్టం వెతికి కారేవి బిగించారు. ఊక చల్లారు.

హర్షిణి తెల్ల కార్డులు ఇచ్చింది. షెడ్డు స్తంభాలకి కట్టాలి. ఈగ వాలి రెట్ట వేస్తే చుక్క పడుతుంది. చుక్కలు తగ్గితే ఈగలు తగ్గినట్టు. మొదటి మూడు రోజుల కార్డు ఫోటో చూసి ఆమె ఫోన్ చేసింది.

"బాబాయ్, నేనిచ్చింది తెల్ల కార్డేనా?"

"తెల్లదేనమ్మా. ఆ తెలుపు ఎక్కడుందో ఇప్పుడు వెతుక్కోవాలి."

రోజూ పొద్దున్నే బాపట్ల నుంచి పాప వీడియో కాల్ చేసేది. వాడు తుమ్మాడు, వాడు నవ్వాడు, కాదు అది గ్యాసు. ముత్యాలరావు ఫోనుని రెండు చేతుల్తో పట్టుకుని, స్క్రీను మీద వాలిన ఈగని కూతురికి కనపడకుండా ఊదేసేవాడు.

ఎనిమిదో రోజు అతని వల్ల కాలేదు. ఈగలు నిజంగానే పెరిగాయి. చేతులు దురద పెట్టాయి. కొట్టుగదిలోకి వెళ్ళాడు. గంగాదేవి పైపు చుట్ట మీదే కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"లే."

"లేవను."

"ఒక్కసారి, ఊరికే పైపైన..."

"ఇరవై ఏళ్ళు నువ్వు వేటకి పోయావు. గాలి తిరిగినప్పుడల్లా ఒడ్డున కూర్చోవడమే నా పని. ఏం చేసినా నువ్వు త్వరగా రావు. కూర్చోవాలంతే. కూర్చో ఇప్పుడు నువ్వు."

అతను ఆమె పక్కన కూలబడ్డాడు. కాసేపటికి చింతపండు ముద్ద ఒకటి అందుకుని గింజలు తీశాడు.

పదకొండో రోజు చుక్కలు తగ్గాయి. పదమూడో రోజు సుందరరామయ్య మాస్టారే కళ్ళజోడు పెట్టుకుని కార్డు లెక్కపెట్టాడు.

"పంతొమ్మిది. పరవాలేదు, పాసయ్యావు." కార్డు తిరిగిచ్చి, కాసేపు ఆగాడు. "నేరం నా గేదెల మీద పెట్టావటగా?"

ముత్యాలరావు నేల చూశాడు. "తప్పయిపోయింది మాస్టారూ."

"నా గేదెల్ని అమ్మేసి మూడేళ్ళయిందయ్యా. అబద్ధమాడినా కాస్త చూసుకుని ఆడాలి."

బిడ్డ పుట్టిన పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం రేపల్లె స్టేషను నుంచి ఆటో వచ్చి ఆగింది. దేవకుమారి దిగింది. చేతిలో స్టీలు డబ్బా. మంచినీళ్ళు కూడా తీసుకోలేదు.

"వదినా, ఒక పళ్ళెం పెట్టు."

డబ్బాలోంచి చెయ్యంత కవ్వల చేప తీసి పళ్ళెంలో పెట్టి, వరండా నడిమధ్యలో ఉంచింది.

"బెల్లం పెడతావనుకున్నాను చెల్లెమ్మా," అన్నాడు ముత్యాలరావు.

"బెల్లానికి మర్యాదస్తుల ఈగలొస్తాయి అన్నయ్యా. అసలైన ఈగ చేపకి గానీ రాదు. ముప్పై ఏళ్ళు తోలినదాన్ని, నాకు చెప్పకు. అరగంట చూస్తాను."

ముగ్గురూ పళ్ళెం చుట్టూ కూర్చున్నారు. గోడ గడియారం ఒక్కటే మాట్లాడింది. పది నిమిషాలయ్యాయి. పదిహేనయ్యాయి. ముత్యాలరావు ఊపిరి పీల్చడం మర్చిపోయి రెండుసార్లు దగ్గాడు.

ఇరవయ్యో నిమిషంలో ఒకటి వచ్చింది.

పళ్ళెం పైన ఒక చుట్టు తిరిగింది. ముత్యాలరావు దాన్ని చూశాడు. గంగాదేవి మొగుణ్ణి చూసింది. ఇద్దరూ దేవకుమారి వైపు చూడలేకపోయారు.

దేవకుమారి చీర చెంగుతో ఒక్క విసురు విసిరింది. ఈగ వెళ్ళిపోయింది.

"బుడ్డోడికి అచ్చం నీ ముక్కే అన్నయ్యా," అంది గడియారం వైపు చూస్తూ. "మా వాళ్ళెవరికీ అంత ముక్కు లేదు. రోజూ పాలు తాగేప్పుడు అదే అడ్డమొస్తోంది."

గంగాదేవి కళ్ళు తుడుచుకుంది. ఇంకో ఎనిమిది నిమిషాలున్నాయి.

ఏటి వైపు నుంచి గాలి లేచింది. వరండాలోకి దుమ్ము కొట్టింది. ఎండ చటుక్కున ఆరిపోయింది. రేకుల మీద ఒక చినుకు పడింది, రాయి పడినట్టు. తరవాత పది. తరవాత లెక్క లేదు.

"షెడ్డు!" అంటూ లేచాడు ముత్యాలరావు. గాలి కోసం రెండు వైపులా పరదాలు మొత్తం ఎత్తేసి ఉన్నాయి. వాన ఏటవాలుగా, నేరుగా లోపలికి, పదిహేను రోజులు కంటికి రెప్పలా ఆరబెట్టిన ఊక మీదకి కొడుతోంది.

అతను తూర్పు పరదా దించేసరికి పడమర పరదా గాలికి తాడు తెంచుకుని తెరచాపలా ఎగిరింది. గంగాదేవి దాని అంచు పట్టుకుని వేలాడింది. కాళ్ళు నేల మీద నిలవలేదు.

అప్పుడు ఆమె పక్కన ఇంకో రెండు చేతులు పడ్డాయి. దేవకుమారి చీర మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, తడిసి ముద్దయి, తెగిన తాడు పళ్ళతో పట్టుకుని లాగుతోంది. తాడు చేతికి రాగానే వేలం గొంతు వానని మించి లేచింది.

"అన్నయ్యా, ఆ కొస వదలకు! ఇటు లాగు! వదినా, కాలేసి తొక్కు దాన్ని!"

ముగ్గురూ ఒంటితో అదిమి పట్టారు. పరదా కింద నుంచి నీళ్ళు పాయలు పాయలుగా లోపలికి పాకడం ముత్యాలరావుకి కనిపిస్తూనే ఉంది. బారసాల ఎల్లుండి. అతను వియ్యపురాలి మొహంలోకి చూశాడు. ఆవిడ చూపు కూడా ఆ నీళ్ళ మీదే ఉంది. "ఊక బస్తాలు ఇంకెన్నున్నాయి అన్నయ్యా?" అని అరిచింది.

గంగాదేవి నడుముకి దోపుకున్న ఫోను మోగడం మొదలుపెట్టింది. ఆగి మళ్ళీ మోగింది. ఇవాళ ఇలా ఆగకుండా చేసేది పాప ఒక్కతే. అత్త ఏమందో వినాలని పొద్దుటి నుంచి కాచుకుని ఉంటుంది.

ఎత్తడానికి ముగ్గురిలో ఎవరికీ చెయ్యి ఖాళీ లేదు.